కాపీ పేస్టుకు ముందు పోయే సమయం: కీబోర్డు షార్ట్‌కట్ల అసలు లాభం ఎక్కడుంది?

కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేవారిలో కంట్రోల్+సి, కంట్రోల్+వి తెలియనివారు దాదాపు కనిపించరు. తిరుపతి ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల నెట్ సెంటర్లలో యాత్రికుల వివరాలు నింపేవారికీ, చిత్తూరులో దస్తావేజులు టైపు చేసి ఇచ్చేవారికీ, బెల్లం మండీల్లో లెక్కలు రాసే గుమాస్తాలకూ ఈ రెండూ చేతికి అలవాటైనవే. అయినా ఒకే రకం పని చేస్తున్న ఇద్దరిని పక్కపక్కన గమనిస్తే, ఒకరు పని ముగించి తరువాతి కాగితం అందుకునేసరికి మరొకరు ఇంకా సగంలో ఉండటం చూస్తాం. టైపింగు వేగంలోని తేడా దీనికి కొంతవరకే కారణం. కాపీ చేయాలంటే ముందుగా కర్సర్‌ను ఆ చోటికి తీసుకువెళ్లాలి, కావలసిన భాగాన్ని మాత్రమే సెలెక్ట్ చేయాలి, తరువాత ఇంకొక విండోకు మారాలి, అందులో సరైన గడిలో నిలవాలి. ఈ పనులన్నీ మౌస్‌తో చేసి, నడుమ ఒక్క కాపీని మాత్రం కీబోర్డుతో చేసేవారు తాము షార్ట్‌కట్లు వాడుతున్నామనే అనుకుంటారు. వాస్తవానికి వారికి కలిసివచ్చేది ఆ మొత్తం పనిలో చిన్న భాగమే.

ఇది లెక్క వేసి చూడదగిన విషయం. జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పనిచేసిన స్టువార్ట్ కార్డ్, థామస్ మోరన్, వారితో కలిసి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలెన్ న్యూవెల్ 1980లో ఒక పద్ధతిని ప్రచురించారు. కంప్యూటర్ మీద చేసే ఏ పనినైనా చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి సగటున ఎంత సమయం పడుతుందో కొలిచి, వాటిని కూడితే నైపుణ్యం ఉన్న మనిషికి ఆ పనికి పట్టే సమయాన్ని ముందుగానే అంచనా వేయవచ్చని వారు చూపారు. వారి లెక్క ప్రకారం సగటు నైపుణ్యం ఉన్న టైపిస్టు ఒక కీ నొక్కడానికి సుమారు 0.2 సెకను, చేతిని కీబోర్డు నుంచి మౌస్‌కు గానీ మౌస్ నుంచి కీబోర్డుకు గానీ మార్చడానికి 0.4 సెకను, తెర మీద ఒక చోటికి మౌస్ గురిపెట్టడానికి 1.1 సెకను, క్లిక్ చేయడానికి 0.2 సెకను పడుతుంది. ఆలోచించుకుని సిద్ధపడటానికి పట్టే 1.35 సెకన్లను ఇంకొక అంశంగా వారు చేర్చారు. ఈ అంకెలు సగటులే గనుక మనిషిని బట్టి మారతాయి. కానీ ఒకదానితో ఒకటి పోల్చడానికి అవి చాలు.

మెనూ తెరిచి కాపీ చేయాలంటే చేయి మౌస్‌కు వెళ్లాలి, మెనూకు గురిపెట్టి క్లిక్ చేయాలి, అందులో కాపీ అన్న మాటకు గురిపెట్టి క్లిక్ చేయాలి, చేయి వెనక్కు రావాలి. మొత్తం 3.4 సెకన్లు. కంట్రోల్+సి రెండు కీలే గనుక 0.4 సెకను. అంటే ఇక్కడ మిగిలేది 3 సెకన్లు. ఇప్పుడు కాపీకి అటూ ఇటూ ఉన్న పనులను చూద్దాం. ఒక వరుసను మౌస్‌తో లాగి సెలెక్ట్ చేయడానికి, చేయి వెళ్లి రావడంతో కలిపి, 3.2 సెకన్లు. కింద టాస్క్‌బార్‌లో ఇంకొక విండో మీద క్లిక్ చేసి తిరిగి రావడానికి 2.1 సెకన్లు. అక్కడ కావలసిన గడిలో క్లిక్ చేయడానికి మళ్లీ 2.1 సెకన్లు. మొత్తం 7.4 సెకన్లు. చేయి మధ్యలో కీబోర్డుకు తిరిగి రాకుండా మౌస్ మీదే ఉండిపోతే ఇందులో కొంత తగ్గుతుంది. ఇవే పనులను కీబోర్డుతో చేస్తే, వరుస మొదటికి వెళ్లడానికి హోమ్, చివరివరకు సెలెక్ట్ చేయడానికి షిఫ్ట్+ఎండ్, విండో మారడానికి ఆల్ట్+ట్యాబ్, గడి మారడానికి ట్యాబ్. ఆరు కీలు, 1.2 సెకన్లు. కంట్రోల్+సి నేర్చుకుని అక్కడితో ఆగిపోయినవారు 3 సెకన్ల లాభాన్ని పొంది, దానికి రెట్టింపు ఉన్న లాభాన్ని పక్కనే వదిలేస్తున్నారన్నమాట.

సులువైన షార్ట్‌కట్లంటూ చలామణి అయ్యే పట్టికల్లో చాలావాటిలో ఈ సంగతి కనిపించదు. వాటిలో బోల్డ్ చేయడానికి కంట్రోల్+బి, ప్రింటుకు కంట్రోల్+పి లాంటి ఆజ్ఞలే ముందు వరుసలో ఉంటాయి. రోజుకు ఒకటి రెండుసార్లు చేసే ప్రింటులో ఆ సెకన్లు మిగిలినా మిగలకపోయినా ఒకటే. రోజుకు కొన్ని వందల సార్లు జరిగేది కర్సర్‌ను కదపడం. బాణం కీకి కంట్రోల్ జోడిస్తే అక్షరానికి బదులు మాట మాట దాటుకుంటూ పోతుందనీ, దానికే షిఫ్ట్ కూడా జోడిస్తే దాటిన మాటలన్నీ సెలెక్ట్ అవుతాయనీ, కంట్రోల్+హోమ్, కంట్రోల్+ఎండ్ నొక్కితే పత్రం మొదటికీ చివరికీ చేరవచ్చనీ తెలిసినవారు తక్కువ. తెలిసినవారిలో వాడేవారు ఇంకా తక్కువ. నిజానికి ఇవి ఏ ఒక్క ప్రోగ్రామ్‌కో పరిమితమైనవి కావు. వర్డ్‌లోనూ, బ్రౌజర్‌లో ఈమెయిల్ రాసే చోటా, వాట్సాప్ వెబ్‌లో సందేశం టైపు చేసే పెట్టెలోనూ ఒకేలా పనిచేస్తాయి. ఒక్కసారి చేతికి పట్టుబడితే అన్ని చోట్లా అక్కరకు వచ్చేవి ఇవే.

షార్ట్‌కట్ల మీద గట్టి అభ్యంతరం కూడా ఒకటి ఉంది. ఆపిల్ సంస్థలో తొలి రోజుల్లో పనిచేసిన బ్రూస్ టోగ్నజీని, కీబోర్డే వేగమని వాడకందారులు నమ్ముతారు గానీ స్టాప్‌వాచ్ పెట్టి కొలిస్తే మౌస్‌తోనే పని ముందుగా ముగుస్తోందని వాదించాడు. ఏ పనికి ఏ కీ అని గుర్తుచేసుకోవడానికి మనసు కొంత సమయం తీసుకుంటుందనీ, మనసు నిమగ్నమై ఉండటం వల్ల ఆ సమయం గడిచినట్లే తెలియదనీ అతని వివరణ. ఈ మాటను తోసిపుచ్చడం సరికాదు. నెలకొకసారి వాడే షార్ట్‌కట్ విషయంలో అది అక్షరాలా నిజం. దాన్ని గుర్తుచేసుకునేలోగా మెనూ తెరిచి పని చేసేయవచ్చు. రోజుకు వంద సార్లు నొక్కే కీ సంగతి వేరు. అలవాటు స్థిరపడిన తరువాత గుర్తుచేసుకోవడం అనే మెట్టే ఉండదు. లోయర్, హయ్యర్ టైపింగు పరీక్షలు రాసినవారు ఏ అక్షరం ఎక్కడుందో ఆలోచించి కొట్టరు, వేళ్లే వెళతాయి. షార్ట్‌కట్ కూడా ఆ స్థితికి వచ్చినప్పుడే లాభం, రాకముందు అది భారమే. కాబట్టి ఎన్ని షార్ట్‌కట్లు తెలుసన్న ప్రశ్న కంటే, తన పనిలో ఏది మళ్లీ మళ్లీ వస్తోందన్న ప్రశ్న ముఖ్యం.

ఏ కీ ఎక్కడ ఉందన్న దాని వెనక కూడా ఇదే ఆలోచన ఉంది. కట్, కాపీ, పేస్టు అనే మూడింటినీ 1970ల నడుమ జిరాక్స్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ తమ జిప్సీ అనే ఎడిటర్‌లో ప్రవేశపెట్టారు. టెస్లర్ తరువాత ఆపిల్‌కు వెళ్లాడు. 1983లో వచ్చిన లీసా, 1984లో వచ్చిన మెకింటాష్ కంప్యూటర్లలో చేసినదాన్ని రద్దుచేయడం, కట్, కాపీ, పేస్టు అనే పనులు వరుసగా జెడ్, ఎక్స్, సి, వి అనే నాలుగు కీలకు స్థిరపడ్డాయి. అవి కింది వరుసలో ఎడమ మూల పక్కపక్కనే ఉన్న కీలు. కుడి చేయి మౌస్ మీద ఉండగానే ఎడమ చేతితో అందుకోవచ్చు. కీబోర్డుకూ మౌస్‌కూ పోటీ పెట్టి ఒకదాన్నే ఎంచుకోవాలనే వాదన అర్థం లేనిదని ఈ అమరికే చెబుతుంది. ఇక 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే యంత్రం మళ్లీ మొదలయ్యేలా చేసినప్పుడు, పొరపాటున చేయి తగిలి పని పోకుండా ఉండాలనే ఆ కీలను దూరదూరంగా ఎంచారు. తరచూ కావలసినది చేతికి దగ్గరగా, ప్రమాదకరమైనది రెండు చేతులూ పెడితే తప్ప అందనంత దూరంగా ఉంచారు. విండోస్‌లో కంట్రోల్+సి స్థిరపడక ముందు ఐబీఎం పద్ధతిలో కాపీకి కంట్రోల్+ఇన్సర్ట్, పేస్టుకు షిఫ్ట్+ఇన్సర్ట్, కట్‌కు షిఫ్ట్+డిలీట్ వాడేవారు. అవి విండోస్‌లో నేటికీ చాలా చోట్ల పనిచేస్తాయి. ఏళ్ల తరబడి వాడి సి కీ మొరాయిస్తున్న కీబోర్డు మీద పని ఆగకుండా ఉండటానికి ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

తిరుపతిలో కంప్యూటర్ మీద జరిగే పనిలో పెద్ద భాగం ఫారాలు నింపడం. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు అయినా, గది అయినా, రైలు టికెట్టు అయినా, విశ్వవిద్యాలయం ప్రవేశ దరఖాస్తు అయినా, పేరు, వయసు, గుర్తింపు కార్డు సంఖ్య, ఊరు, జిల్లా, రాష్ట్రం అనే గడులు ఏదో ఒక వరుసలో వస్తూనే ఉంటాయి. కౌంటరుకు అవతల ఐదారుగురు కుటుంబ సభ్యులు ఆధార్ కార్డులు చేతిలో పట్టుకుని నిలబడి ఉంటారు. ఇక్కడ అన్నిటికంటే విలువైన కీ ట్యాబ్. ఒక గడి నింపి ట్యాబ్ నొక్కితే తరువాతి గడికి, తప్పు కనిపిస్తే షిఫ్ట్+ట్యాబ్‌తో వెనకటి గడికి వెళ్లవచ్చు. టిక్కు పెట్టవలసిన చోట స్పేస్ బార్ నొక్కితే టిక్కు పడుతుంది. స్త్రీ, పురుషుడు లాంటి వాటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిన గుండ్రని బొత్తాల మధ్య బాణం కీలతో తిరగవచ్చు. కళ్లు ఆధార్ కార్డు మీదే ఉంచి, రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి తీయకుండా ఒక మనిషి వివరాలు పూర్తిచేయడం ఇలాగే సాధ్యమవుతుంది. ప్రతి గడికీ మౌస్ పట్టుకుంటే చూపు కార్డు నుంచి తెరకూ, తెర నుంచి కార్డుకూ తిరుగుతూనే ఉంటుంది. పన్నెండంకెల సంఖ్యలో రెండంకెలు తారుమారు కావడానికి అలా చూపు చెదరడం ఒక ముఖ్య కారణం.

రాష్ట్రాన్ని ఎంచుకునే జాబితా దగ్గర ఎక్కువమంది చిక్కుకుంటారు. మౌస్‌తో జాబితా తెరిచి ముప్పైకి పైగా పేర్లలో వెతకడం అలవాటు. కీబోర్డుతో ఆ గడికి చేరి పేరులోని ఇంగ్లీషు అక్షరాలు టైపు చేస్తే సాధారణంగా జాబితా తనంతట తానే ఆ పేరు దగ్గరికి వెళుతుంది. అయితే ఎ, ఎన్, డి అనే మూడు అక్షరాలతో ఆగితే అండమాన్ నికోబార్ దగ్గర నిలుస్తుంది, ఎందుకంటే అక్షర క్రమంలో అది ముందుంది. నాలుగో అక్షరమైన హెచ్ కూడా కొట్టాకే ఆంధ్రప్రదేశ్ వస్తుంది. ఈ నాలుగింటినీ ఆగకుండా కొట్టాలి. మధ్యలో ఒక క్షణం తటపటాయిస్తే కొట్టిన అక్షరాలు లెక్కలోంచి పోయి, తరువాతి అక్షరం కొత్త పేరుకు మొదటి అక్షరమవుతుంది. హెచ్‌తో మొదలయ్యే హర్యానా ఎంపిక కావడం, అది గమనించకుండా ముందుకు సాగిపోవడం ఇలా జరుగుతాయి. జిల్లాల దగ్గర మనకు ఆ ఇబ్బంది లేదు. ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో టి అక్షరంతో మొదలయ్యేది తిరుపతి ఒక్కటే, సితో మొదలయ్యేది చిత్తూరు ఒక్కటే గనుక ఒక్క కీతో పని అయిపోతుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడిన తరువాత జాబితాను సవరించని ఫారం ఏదైనా ఎదురైతే మాత్రం టి కొట్టినా కర్సర్ కదలదు. అప్పుడు పాత చిత్తూరు జిల్లా పేరే అందులో ఉందేమో చూడాలి.

ట్యాబ్ కీ సక్రమంగా పనిచేయడమనేది ఫారం తయారుచేసిన వారి శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది. కొన్ని ఫారాల్లో ట్యాబ్ నొక్కితే కర్సర్ పేరు గడి నుంచి పేజీ అడుగున ఉన్న ఏదో లింకుకు ఎగిరిపోతుంది. కొన్నిటిలో పుట్టిన తేదీని టైపు చేయనివ్వక, క్యాలెండరు బొమ్మలో ఒక్కొక్క సంవత్సరం వెనక్కు క్లిక్ చేసుకుంటూ పోవాలి. డెబ్బై ఏళ్ల వృద్ధురాలి పుట్టిన సంవత్సరం చేరడానికి ఎన్ని క్లిక్కులో ఊహించవచ్చు. ఇది నెట్ సెంటరు వారి వేగానికి మాత్రమే సంబంధించిన సమస్య కాదు. చూపు లేనివారు కంప్యూటర్‌ను వాడేది పూర్తిగా కీబోర్డుతోనే. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ట్యాబ్‌తో గడులకు, హెచ్ కీతో శీర్షికలకు, కె కీతో లింకులకు వెళతారు. కీబోర్డుతో నింపలేని ఫారం ఒక ఆపరేటరుకు కొన్ని నిమిషాలు వృథా చేస్తుంది, చూపు లేని విద్యార్థికి తలుపే మూసేస్తుంది. వెబ్ పేజీల సౌలభ్యానికి అంతర్జాతీయంగా పాటించే మార్గదర్శకాలు పేజీలోని ప్రతి పనీ కీబోర్డుతో చేయగలిగి ఉండాలని కోరడం ఇందుకే. ప్రభుత్వ సైట్లు, దేవస్థానాల సైట్లు, విద్యాసంస్థల సైట్లు తయారుచేసేవారు విడుదలకు ముందు మౌస్ తీసి పక్కన పెట్టి ఒక్కసారి తమ ఫారం నింపి చూస్తే ఈ లోపాల్లో చాలావరకు వారికే తెలుస్తాయి.

తెలుగులో టైపు చేసేవారికి కీబోర్డు ఇంకొన్ని ప్రత్యేకమైన సంగతులను ముందుంచుతుంది. మొదటిది భాష మార్చుకోవడం. విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకూ, మళ్లీ ఇంగ్లీషుకూ మారవచ్చు. ఎడమ ఆల్ట్+షిఫ్ట్ కూడా ఇదే పని చేస్తుంది. పొరపాటున ఆ రెండూ తగిలి భాష మారిపోయి, కీబోర్డు చెడిపోయిందని కంగారుపడేవారు కద్దు. రాసే భాష తెలుగుకు మారినా కంట్రోల్+సి, కంట్రోల్+వి లాంటివి విండోస్‌లో యథాతథంగా పనిచేస్తాయి కాబట్టి ప్రతిసారీ ఇంగ్లీషుకు వెనక్కు మార్చుకోనవసరం లేదు. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీ అమరిక అలవాటైనవారికి అది విండోస్‌లో చాలాకాలంగా ఉంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవారికి 2019 మే నెల విండోస్ 10 అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా విండోస్‌తోనే వస్తోంది.

రెండవది చెరపడం. తెర మీద ఒక్క అక్షరంలా కనిపించే దానిలో కంప్యూటర్ లెక్కకు అనేక అక్షరాలు ఉంటాయి. ‘స్త్రీ’ అన్నది చూడటానికి ఒక్కటే. అన్ని భాషల అక్షరాలకూ ప్రపంచమంతా వాడే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరింటి వరుస. దాని తరువాత కర్సర్ ఉంచి వర్డ్‌లో బ్యాక్‌స్పేస్ నొక్కితే ముందు గుడిదీర్ఘం పోతుంది, తరువాత ర పోతుంది, ఇలా ఆరుసార్లు నొక్కితే గాని మొత్తం పోదు. దాని ముందు కర్సర్ ఉంచి డిలీట్ నొక్కితే ఒక్క దెబ్బకు ఆ అక్షరమంతా పోతుంది. బాణం కీ కూడా అక్షరమంతటినీ ఒకేసారి దాటుతుంది. ఈ తేడా తెలిసినవారు దాన్ని ఉపయోగించుకుంటారు. గుణింతం మాత్రమే తప్పు పడితే బ్యాక్‌స్పేస్, అక్షరమే తప్పయితే డిలీట్, మాటే మార్చాలనుకుంటే కంట్రోల్+బ్యాక్‌స్పేస్. మౌస్‌తో అక్షరానికీ ఒత్తుకూ నడుమ గురిపెట్టాలని చూసేవారు ఎంతసేపు ప్రయత్నించినా కర్సర్ అక్కడ నిలవదు.

మూడవది వెతికి మార్చడం. ఇది చిత్తూరులో దస్తావేజులు తయారుచేసేవారి పనిలో బాగా కనిపిస్తుంది. క్రయ దస్తావేజైనా, దాన దస్తావేజైనా పాత నమూనాను తెరిచి పేర్లూ, సర్వే నంబర్లూ, హద్దులూ మార్చడమే పద్ధతి. కంట్రోల్+హెచ్ నొక్కి పాత పేరు ఒక పెట్టెలో, కొత్త పేరు ఇంకొక పెట్టెలో రాసి, అన్నీ మార్చు అన్న బొత్తాం నొక్కితే ముప్పై చోట్ల ఉన్న పేరు ఒక్క క్షణంలో మారుతుంది. సమయం మిగిల్చడంలో దీనికి సాటివచ్చే షార్ట్‌కట్ మరొకటి లేదు, కీడు చేయడంలోనూ లేదు. పాత నమూనాలో అమ్మకందారు పేరు ‘రామ’తో మొదలై, ఆ మాట మాత్రమే ఇచ్చి మార్పించారనుకుందాం. ఆస్తి రామచంద్రాపురం మండలంలో ఉంటే ఆ మండలం పేరూ మారిపోతుంది. పూర్తి మాటగా ఉన్నప్పుడే మార్చమని టిక్కు పెడితే ఇంగ్లీషులో ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. తెలుగులో అది ఇంకొక చిక్కు తెస్తుంది. విభక్తులు మాటకు అతుక్కునే ఉంటాయి గనుక ‘రామయ్య’ మారుతుంది, ‘రామయ్యకు’, ‘రామయ్యచేత’ మారకుండా మిగిలిపోతాయి. ఒకే దస్తావేజులో ఇద్దరు అమ్మకందారులు ఉన్నట్లవుతుంది. అందువల్ల పత్రం మొత్తాన్ని ఒకేసారి మార్చకుండా, ఒక్కొక్క చోటునూ చూపించి అడిగే పద్ధతిలో, మార్చదగిన చోట మార్చుతూ, తగని చోట దాటుతూ పోవడమే సురక్షితం. ముప్పై చోట్లకు అర నిమిషం ఎక్కువ పట్టవచ్చు. రిజిస్ట్రేషను అయ్యాక సవరణ దస్తావేజు రాయించుకోవడానికి పక్షకారులు పడే అవస్థతో పోలిస్తే అది లెక్కలోది కాదు.

ఇదంతా ఆ పాఠం యూనికోడ్‌లో ఉన్నప్పుడు సాఫీగా జరుగుతుంది. తెలుగు డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో అను ఫాంట్లతో చేసిన పని పేరుకుపోయి ఉంది. ఆ ఫాంట్లలో తెలుగుగా కనిపించేది కంప్యూటర్ లెక్కకు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన వరుస. అదే ఫాంటుతో, అదే పద్ధతిలో టైపు చేస్తే ఆ ఒక్క ఫైలులో వెతకవచ్చు గానీ, యూనికోడ్‌లో టైపు చేసిన మాట దానిలో దొరకదు. కాపీ చేసి ఈమెయిల్‌లో పేస్టు చేస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. పాత ఫైళ్లలో మళ్లీ మళ్లీ వాడే నమూనాలనైనా కన్వర్టరు ద్వారా యూనికోడ్‌లోకి మార్చి, అక్షరం అక్షరం సరిచూసి పెట్టుకోవడం ఒకసారి పడే శ్రమ. వెతకడం, మార్చడం, అతికించడం అనే మూడు పనులకు సంబంధించిన షార్ట్‌కట్లన్నీ ఆ శ్రమ తరువాతే పూర్తి స్థాయిలో అక్కరకు వస్తాయి.

లెక్కల పని చేసేవారి పరిస్థితి కొంత మెరుగు. 1986లో బెంగళూరులో మొదలైన సంస్థ తయారుచేసిన ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మొదటి నుంచీ కీబోర్డు కోసమే రూపొందింది. బంగారుపాళ్యం మామిడి మండీలోనో, చిత్తూరు బెల్లం మండీలోనో లెక్కలు రాసే గుమాస్తాకు చెల్లింపుకు ఎఫ్5, వసూలుకు ఎఫ్6, అమ్మకానికి ఎఫ్8, కొనుగోలుకు ఎఫ్9 అని ఎవరూ గుర్తుచేయనవసరం లేదు. వోచరు రాస్తుండగా కొత్త రైతు పేరు వస్తే ఆల్ట్+సి నొక్కి అక్కడికక్కడే ఖాతా తెరుస్తారు. రాసినది సరిపోతే కంట్రోల్+ఎతో ఖరారు చేస్తారు. అదే మనిషి ఎక్సెల్ తెరిస్తే మౌస్ పట్టుకోవడం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వెయ్యి వరుసల పట్టికలో చివరి వరుసకు చేరడానికి మౌస్ చక్రం తిప్పుతూ ఉంటారు. కంట్రోల్‌తో కిందిబాణం నొక్కితే మధ్యలో ఖాళీ గడి లేనంతవరకు ఒక్కసారే చివరికి చేరుతుంది. ఈరోజు తేదీకి కంట్రోల్+సెమీకోలన్, పై గడిలో ఉన్నదే కింద కావాలంటే కంట్రోల్+డి, మొత్తం కూడటానికి ఆల్ట్+ఈక్వల్, గడిలోని దాన్ని చెరపకుండా సవరించడానికి ఎఫ్2. గుమాస్తా పనికి ఈ ఐదూ చాలావరకు సరిపోతాయి. లాప్‌టాప్ వాడేవారికి ఒక చిన్న అడ్డంకి ఎదురవుతుంది. చాలా లాప్‌టాప్‌లలో ఎఫ్ కీలు నొక్కితే శబ్దమో, తెర వెలుగో మారుతుంది. అలాంటప్పుడు ఎఫ్ఎన్ కీని కలిపి నొక్కాలి. చాలా మోడళ్లలో ఎఫ్ఎన్+ఎస్కేప్‌తో ఎఫ్ కీలను స్థిరంగా వాడుకునేలా మార్చుకోవచ్చు.

పదిమంది వాడే కంప్యూటర్లలో కొన్ని షార్ట్‌కట్ల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. 2018 చివరలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి విండోస్+వి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవాటిలో ఇరవై ఐదు వరకు వరుసగా కనిపించే సదుపాయం ఉంది. దాన్ని ఒకసారి ఆన్ చేసుకోవాలి. సొంత కంప్యూటర్ మీద రాతపని చేసేవారికి ఇది గొప్ప సౌకర్యం. నెట్ సెంటరులో మాత్రం పొద్దున వచ్చిన యాత్రికుడి ఆధార్ సంఖ్య మధ్యాహ్నం వచ్చిన మనిషికి కనిపించే అవకాశం ఇదే కల్పిస్తుంది. పిన్ చేయనివన్నీ కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడు పోతాయి గానీ, రోజంతా ఆపకుండా నడిచే యంత్రంలో ఆ మాట ఊరట ఇవ్వదు. అక్కడ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద ఉన్న క్లిప్‌బోర్డు పేజీలో దాన్ని ఆపివేసి ఉంచడమే న్యాయం. కౌంటరు వదిలి లేచేటప్పుడు విండోస్+ఎల్ నొక్కి తెరకు తాళం వేయడం, ఇతరుల లాగిన్ వాడేటప్పుడు క్రోమ్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఎన్‌తో చరిత్ర దాచుకోని విడి విండో (ఇన్‌కాగ్నిటో) తెరిచి, పని కాగానే దాన్ని మూసేయడం కూడా అలవాటు కావాలి. వీటి వల్ల వేగం పెరగదు. ఇతరుల వివరాలు చేతిలో పెట్టుకున్నవారికి ఇవి మర్యాద కింద లెక్క.

ఇన్ని ఉన్నా జనం ఎందుకు వాడరన్న ప్రశ్న మీద పరిశోధకులు చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. జాన్ కారల్, మేరీ బెత్ రాసన్ 1987లోనే ఈ సంగతిని వివరించారు. పని చేయవలసిన మనిషి పనిముట్టును నేర్చుకోవడానికి ఆగడు, తెలిసిన దారిలోనే పోతాడు, ఆగి నేర్చుకుంటే మున్ముందు లాభమని తెలిసినా ఆగడు. 2005లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో వర్డ్‌ను ఏళ్లుగా వాడుతున్నవారిలోనూ ఎక్కువమంది మెనూలూ ఐకాన్లతోనే పని నడుపుతున్నట్లు తేలింది. అనుభవం పెరిగినంత మాత్రాన షార్ట్‌కట్లు వాటంతట అవి రావన్నమాట. కౌంటరు ముందు మనుషులు నిలబడి ఉండగా ఎవరైనా కొత్తది ప్రయత్నించరు, అది వారి తప్పూ కాదు. మన దగ్గర కంప్యూటర్ కోర్సుల్లో చాలావరకు మెనూల వరుసలోనే పాఠం సాగుతుంది. ఫైల్ మెనూలో ఏముంది, ఎడిట్ మెనూలో ఏముంది అని చెప్పించి, చివర షార్ట్‌కట్లను ఒక పట్టికగా రాయించి బట్టీ పట్టిస్తారు. పరీక్షలో అడిగితే విద్యార్థి రాయగలడు, మరునాడు ఉద్యోగంలో మౌస్ పట్టుకుంటాడు. దానికి బదులు ఒక పేజీ తెలుగు పాఠాన్ని ఇచ్చి, మౌస్ ముట్టుకోకుండా అందులోని పది తప్పులు దిద్దమంటే, కంట్రోల్+బాణం, షిఫ్ట్+ఎండ్, కంట్రోల్+బ్యాక్‌స్పేస్ ఆ పూటకే చేతికి వస్తాయి.

ఉద్యోగంలో ఉన్నవారు సొంతంగా నేర్చుకోవాలంటే గోడ మీద పట్టిక అంటించడం కంటే తన పనిని ఒక అరగంట గమనించుకోవడం మేలు. చేయి మౌస్‌కు ఎందుకు వెళుతోందో ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటే, రెండు మూడు కారణాలకే చాలా గీతలు పడతాయి. ఫారాలు నింపేవారికి అది గడి మారడం అవుతుంది, దస్తావేజులు రాసేవారికి మాటలు సెలెక్ట్ చేయడం, లెక్కల వారికి పట్టికలో కిందికీ పైకీ పోవడం. అన్నిటికంటే ఎక్కువ గీతలు పడిన దానికి ఒక్క షార్ట్‌కట్‌ను ఎంచుకుని, అది ఆలోచించకుండా చేతికి వచ్చేదాకా ఇంకొకదాని జోలికి పోకూడదు. దాన్ని వెతుక్కోవడానికి వేరే పుస్తకం అక్కరలేదు. చాలా ప్రోగ్రాముల్లో మెనూ తెరిస్తే ప్రతి ఆజ్ఞ పక్కనే దాని షార్ట్‌కట్ రాసి ఉంటుంది. వర్డ్, ఎక్సెల్‌లలో ఆల్ట్ కీ ఒకసారి నొక్కి వదిలితే ప్రతి బొత్తాం మీదా దాని అక్షరం ప్రత్యక్షమవుతుంది. మొదటి రెండు మూడు రోజులు పని కొంత నెమ్మదిస్తుంది, యజమాని దాన్ని ఓర్చుకోవాలి. రద్దీ ఉండే రోజుల్లో కాకుండా ఖాళీగా ఉండే మధ్యాహ్నాల్లో, అదీ మళ్లీ సరిచేసుకోవడానికి వీలున్న ఫైళ్ల మీద ఈ సాధన మొదలుపెట్టడం మంచిది. వర్డ్‌లో తప్పు జరిగితే కంట్రోల్+జెడ్ వెనక్కు తెస్తుంది గానీ, ఒకసారి సమర్పించిన ఆన్‌లైన్ దరఖాస్తును అది వెనక్కు తేలేదు.